అడ్రస్ ప్రూఫ్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ అడ్రస్ ప్రూఫ్ గారికి,

ఉభయకుశలోపరి. తమరు నా ఫైలు కవర్లో గ్యాస్ బిల్లుకీ అద్దె అగ్రిమెంటుకీ మధ్య క్షేమంగా ఉన్నారు. మిమ్మల్ని అక్కడికి రప్పించడానికి నేను పడ్డ పాట్లు మీకు తెలియనివి కావు. ఓనరు గారు మూడు నెలలు తిప్పి ఇచ్చిన అగ్రిమెంటులో డోర్ నంబరు చివర '/ఎ' ఎగిరిపోయింది. పొద్దున సొంత మంచం మీద లేచి వెళ్లినవాణ్ణి, ఆ ఒక్క అక్షరం లేక కౌంటరు దగ్గర ఊరూ పేరూ లేనివాణ్ణయ్యాను.

ఇల్లున్న నాకే ఇంత మర్యాద చేశారు, లేనివాళ్లకు ఏం చేస్తారో అడుగుదామని ఈ ఉత్తరం.

హోమ్‌లెస్ వరల్డ్ కప్ అని ఒక ఫుట్‌బాల్ పోటీ ఉంది, విన్నారా? 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 18 దేశాల జట్లతో మొదలైంది. అందులో ఆడటానికి ముఖ్యమైన అర్హత ఇల్లు లేకపోవడం. కానీ వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టుకు తమరు కావాలి. తమరికి ఇల్లు కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! మీ అన్నగారు వీసా ఇంకా ఘనులు. 2005 పోటీ న్యూయార్క్‌లో జరగాల్సింది, వారి ధర్మమా అని ఎడిన్‌బరోకు మారింది.

ఆట చిన్నదే. 22 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కోర్టు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఏడేసి నిమిషాల రెండు సగాలు. గోల్‌కీపర్ తన గీత దాటి రాడు, మిగతావాళ్లు ఆ గీత లోపల కాలు పెట్టకూడదు. (ఆ ఉద్యోగానికి మీరైతే సరిగ్గా సరిపోతారు.) జట్టు చిన్నది కాబట్టి ఒక్కడు ప్రాక్టీసు ఎగ్గొట్టినా అందరికీ తెలిసిపోతుంది. మర్నాడు కోచ్ "ఏమయ్యా, నిన్న రాలేదేం?" అంటాడు. ఏళ్ల తరబడి ఫుట్‌పాత్ మీద పడుకున్నవాణ్ణి ఆ మాట అడిగిన నాథుడెవరు? "ఎక్కడుంటావ్?" అని మాత్రం మీ తరఫున అందరూ అడిగారు.

2001లో నాగపూర్‌లో విజయ్ బర్సే అనే మాస్టారు, వానలో బస్తీ పిల్లలు విరిగిన బకెట్‌ను తన్నుకుంటూ ఆడటం చూశారట. వాళ్లకు బంతి ఇచ్చారు. ఇచ్చే ముందు ఇంటి నంబరు అడిగి రాసుకున్నట్టు ఎక్కడా లేదు. అలా పుట్టిన స్లమ్ సాకర్ అనే సంస్థే ఈ ప్రపంచ కప్పుకు మన జట్లను తయారు చేసింది.

బంతి ఇల్లు కట్టిపెట్టదని నాకూ తెలుసు. దేశం తరఫున ఆడి వచ్చినవాడు గది అద్దెకు అడిగితే ఓనరు మళ్లీ మీ పేరే ఎత్తుతాడు. కానీ ఆ పోటీలో ఒక రూలుంది: ఎంత గొప్పగా ఆడినా, ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే అవకాశం. మళ్లీ రావాల్సిన అవసరం పడకూడదని వాళ్ల ఆశ. తమరేమో పదకొండు నెలలకోసారి రెన్యువల్ చేయించుకోమంటారు.

నా అగ్రిమెంటు వచ్చే నెలతో అయిపోతోంది. దయచేసి ఈసారైనా కాస్త చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు

చిరునామా: తమ దగ్గరున్నదే. చివర '/ఎ' కలుపుకుని చదువుకోగలరు.