మనుషుల బారి నుంచి చర్చిలను కాపాడండి

ఇంగ్లండులోని పాత చర్చిలకు వాన వల్ల, మంచు వల్ల, పైకప్పు మీది సీసపు రేకులను ఊడబెరికే దొంగల వల్ల ముప్పు ఉందని లోకం నమ్ముతోంది. వాన వందల ఏళ్లుగా కురుస్తూనే ఉంది, చర్చిలూ నిలిచే ఉన్నాయి. అసలు ముప్పు ఆదివారం ఉదయం తలుపు తోసుకుని లోపలికి వచ్చే మనిషి వల్ల. చలి వేస్తోంది కాబట్టి అతనికి వేడి కావాలి. చూపు మందగించింది కాబట్టి వెలుతురు కావాలి. చక్రాల కుర్చీలో వచ్చిన తల్లి కోసం గడప దగ్గర వాలుదారి కూడా కావాలి. ఇన్ని కోరికలున్న ప్రాణిని రక్షిత కట్టడంలోకి రానివ్వడమే సంరక్షణ విధానంలోని మూల లోపమని సవినయంగా మనవి చేస్తున్నాను.

చట్టం ఈ సత్యాన్ని సగం వరకు గ్రహించింది. విశిష్ట కట్టడాలను జాబితాకెక్కించి కాపాడే లిస్టింగ్ పద్ధతి 1947 నాటి ప్రణాళికా చట్టంతో గట్టిపడింది; దాని కింద నేడు ఇంగ్లండులో దాదాపు 4 లక్షల నమోదులున్నాయి. అందులో గ్రేడ్ 1 అనే అగ్రపీఠం దక్కేది నూటికి రెండున్నరకు మాత్రమే, ఆ కొద్దిపాటిలోనూ చర్చిలదే పెద్ద వాటా. చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకు ఉన్న సుమారు 16,000 చర్చిలలో నాలుగింట మూడు వంతులకు పైగా జాబితాకెక్కినవే. అయితే జాబితాకెక్కిన కట్టడంలో మార్పులకు కావలసిన లిస్టెడ్ భవన అనుమతి కోసం ఇవి స్థానిక ప్రభుత్వం చుట్టూ తిరగనక్కర్లేదు. వీటికి సొంతంగా కన్సిస్టరీ కోర్టు అనే చర్చి న్యాయస్థానం ఉంది, అది ఇచ్చే అనుమతిని ఫ్యాకల్టీ అంటారు. కట్టడానికి ఏ హానీ చేయని మార్పు విషయంలో సైతం ఆ కోర్టు, ఉన్నది ఉన్నట్లే ఉండాలన్న భావనతోనే విచారణ మొదలుపెడుతుంది. మార్చాలన్నవారే కారణం చూపించుకోవాలి. ఇంత చక్కని సూత్రానికి ఉన్న చిక్కల్లా ఒకటే. ఉన్నది ఎప్పటినుంచి ఉన్నదో ఎవరూ అడగకూడదు.

అడిగితే ఏమవుతుందో చూడండి. నేడు భక్తిగా కాపాడుతున్న కర్ర బల్లల వరుసల్లో అనేకం 19వ శతాబ్దపు సరుకు. అంతకుముందు చాలాచోట్ల, చిన్న గదుల్లాగా తలుపులు కూడా ఉన్న ఎత్తైన పెట్టె బల్లలుండేవి. విక్టోరియా కాలపు పునరుద్ధరణవాదులు మధ్యయుగపు స్వచ్ఛత పేరు చెప్పి వాటిని పీకి పారేశారు. అదే ఊపులో గోడల మీది సున్నపు పూతను గీకి రాయిని బయటపెట్టారు. ఆ గీకిన గోడను చూసే నేటి యాత్రికుడు ఎంత ప్రాచీనమో అని మురిసిపోతాడు. ఆ పునరుద్ధరణవాదుల్లో పేరుమోసిన వాస్తుశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ట్యూక్స్‌బరీ ఆబీ అనే మధ్యయుగపు చర్చి మీద కూడా చేయి చేసుకోబోతున్నాడని తెలిసి, కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. దానికి 'గీకుడు వ్యతిరేక సంఘం' అన్న ముద్దుపేరు స్థిరపడింది. తరువాత 18వ శతాబ్దపు కట్టడాల కోసం 1937లో జార్జియన్ గ్రూప్ వచ్చింది. 1958లో విక్టోరియన్ సొసైటీ వచ్చి, మోరిస్ ఎవరినైతే అడ్డుకోవాలనుకున్నాడో ఆ స్కాట్ గారి పనితనానికే కాపలా కాయసాగింది. 1979లో పుట్టిన థర్టీస్ సొసైటీ నేడు 20వ శతాబ్దం మొత్తానికీ పెద్దదిక్కు. తాతలు తిట్టిపోసిన ప్రతి వస్తువుకూ మనవలు ఒక సంఘం పెడుతూ వస్తున్నారన్నమాట. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు; తప్పంతా చనిపోయినవారిదే.

ప్రేమతో చేసిన హాని మరీ ఘోరమైనది. రాళ్ల సందుల్లో సున్నం రాలిపోతోందని బాధపడిన చర్చి పెద్దలు 20వ శతాబ్దంలో అక్కడ గట్టి సిమెంటు దట్టించారు. సున్నం రాయికన్నా మెత్తన. గోడ పీల్చిన తడి దాని గుండా ఆవిరైపోతుంది, అరగవలసి వస్తే రాయికి బదులు అదే అరుగుతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి రాయిలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి, రాతి ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొట్టింది. ఇప్పుడు అటువంటి గోడ దగ్గర నిలబడితే, సిమెంటు గీతలు వలలాగా ముందుకు పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య గుంటలు పడిన రాయి కనిపిస్తుంది. మనిషిని గోడ దాకా రానిస్తే జరిగేది ఇదే.

ఖజానా ఈ విషయంలో మనకు మంచి మిత్రుడు. అక్కడ కొత్త ఇల్లు కడితే వ్యాట్ లేదు, పాతది మరమ్మతు చేస్తే 20 శాతం. 2012 వరకు లిస్టెడ్ భవనాలకు ఇంకో వింత ఉండేది: అనుమతి పొంది చేసిన మార్పులకు పన్ను లేదు, మరమ్మతుకు ఉంది. ఇది అసంబద్ధమని ప్రభుత్వం గుర్తించి, ఆ ఏడాది అక్టోబరు నుంచి మార్పులకు కూడా పన్ను వేసి అసంబద్ధతను తొలగించింది. ప్రార్థనా స్థలాలకు ఆ పన్ను సొమ్మును తిరిగి ఇచ్చే పథకం 2001లో మొదలైంది. ఇంత ఉదారత ఆరోగ్యకరం కాదని కాబోలు, 2025లో దానికి ఒక్కో ప్రార్థనా స్థలానికి ఏడాదికి 25,000 పౌండ్ల పరిమితి పెట్టారు.

దారి తప్పిన చర్చిల సంగతి చెప్పడానికే సిగ్గుగా ఉంది. బ్రిస్టల్‌లో సెయింట్ వెర్‌బర్గ్ చర్చిని 1878-79లో నగరం నడిబొడ్డు నుంచి విప్పి తీసుకుపోయి వేరే చోట మళ్లీ కట్టారు. ఇప్పుడు అందులో జనం తాళ్లు కట్టుకుని గోడలెక్కడం సాధన చేస్తున్నారు. అదే నగరంలో సెయింట్ పాల్ చర్చిలో సర్కస్ విద్య నేర్పుతున్నారు. ఇది మూతపడిన చర్చిలను ఆదుకోవడానికి 1969లో ఏర్పడి, నేడు 350కి పైగా చర్చిలను చూసుకుంటున్న ట్రస్టు ఆస్తి. నిష్కళంకంగా ఖాళీగా ఉన్న చర్చి చేతికి వస్తే దానిలోకి మళ్లీ మనుషులను తోలడమే కాక, ఆ ట్రస్టు కొన్ని చర్చిలలో రాత్రిపూట డబ్బు తీసుకుని పడుకోనిస్తోంది కూడా.

అన్నిటికన్నా పెద్ద ఉపద్రవం మరుగుదొడ్డి. మధ్యయుగపు చర్చిలలో చాలావాటికి కుళాయి కూడా లేదు. గొట్టం వేయాలంటే చుట్టూ సమాధులు, ఎక్కడ పార దించినా ఎముకలు, కనుక పురావస్తు నిపుణుడు రావాలి. లోతు తవ్వకుండా, అడుగు లేని చిన్న కాలువ తీసి, పైన పలకలు కప్పి, మిగతా పనిని వానపాములకు వదిలేసే పద్ధతి ఒకటి ఉంది; దాన్ని ట్రెంచ్ ఆర్చ్ అంటారు. దానికీ ఫ్యాకల్టీ కావాలి. పైకప్పులో గబ్బిలాలుంటే 1981 నాటి వన్యప్రాణి చట్టం అడ్డు నిలుస్తుంది, వాటిని బెదరగొట్టడం నేరం. వాటి మూత్రం పడి సమాధుల మీది ఇత్తడి ఫలకాలు గుంటలు పడుతున్నాయి. ఆ భవనంలో కాలకృత్యాలకు ఎవరి అనుమతీ అక్కర్లేని ప్రాణి గబ్బిలం ఒక్కటే.

అయినా ఒక మెట్టు దిగుతున్నాను. మరుగుదొడ్డిని కట్టనివ్వండి, కాని శ్రద్ధగా కట్టండి. సాధారణంగా 30 ఏళ్లు నిండిన కట్టడాన్ని లిస్టింగుకు పరిశీలిస్తారు. అప్పటికి 21వ శతాబ్దపు తొలి దశల పరిరక్షణకు తప్పకుండా ఒక సంఘం పుట్టి ఉంటుంది, ఆ మరుగుదొడ్డిని తొలగించబోయే మూర్ఖులూ పుట్టి ఉంటారు. వారికి వ్యతిరేకంగా వేయవలసిన అభ్యంతర పత్రాన్ని ఇప్పుడే రాసిపెట్టడం మంచిది. ఫ్లష్ మీట, ప్లాస్టిక్ మూత అసలువేనని రుజువు చేసే ఫోటోలను అందుకు జతచేయాలి.