అక్కకు ప్రేమ, చెల్లికి కుళ్లు: నవలాకారుల పంపకాలు

చారిత్రక నవల రాయదలచినవారికి ముందుగా కావలసింది చరిత్ర కాదు, వాటాల కాగితం. ఇంట్లో ఎందరు తోబుట్టువులున్నారో లెక్కపెట్టుకుని ప్రేమంతా ఒకరి పేర, కుళ్లంతా ఇంకొకరి పేర రాసేయాలి. రెండూ ఉమ్మడిగా ఉంచితే పాఠకుడికి టెన్షన్.

ఈ పద్ధతికి షాజహాన్ ఇల్లు బాగా అచ్చొచ్చింది. ముంతాజ్‌కు పుట్టినవాళ్లు 14 మంది, దక్కినవాళ్లు ఏడుగురు. పెద్దక్క జహనారాకు ప్రేమ, ఆమె చెల్లెలు రోషనారాకు అసూయ, దారాకు పుస్తకాలు, ఔరంగజేబుకు ముడిపడిన కనుబొమలు. మురాద్‌కు ఒక మద్యం గిన్నె చాలు. ఆఖరిది గౌహరారాకు ఏమీ రాదు, ఆవిడ నవలంతా పక్క గదిలోనే ఉంటుంది. ఇక రోషనారా ఎప్పుడు నవ్వినా అది విషపు నవ్వే. మామూలుగా నవ్వే హక్కు ఆవిడ వాటాలో రాలేదు.

చిక్కల్లా ఈ వాటాలకు చరిత్ర సంతకం పెట్టకపోవడమే. 1633లో ఆగ్రాలో ఏనుగుల పోటీ జరుగుతుంటే సుధాకర్ అనే ఏనుగు ఔరంగజేబు మీదికి వచ్చింది. పద్నాలుగేళ్ల కుర్రాడు ఈటె విసిరి నిలబడ్డాడు. తమ్ముణ్ణి కాపాడాలని గుర్రం ఉరికించిన అన్న ఎవరయ్యా అంటే షూజా. ఆ గుర్రం ఆయన్నే కింద పడేసింది, అది వేరే సంగతి. 1659లో సింహాసనం పోరులో ఖజ్వా దగ్గర ఆ అన్ననే ఈ తమ్ముడు ఓడించి తరిమితే, ఆయన చివరికి బర్మా తీరంలోని అరకాన్‌లో తేలాడు. ఇప్పుడు ఆ ఏనుగును నవలాకారుడు ఏం చేసుకోవాలి? కథలోంచి కొట్టేస్తాడు.

1644లో జహనారా అత్తరు బట్టలకు దీపం అంటుకుని ఒళ్లు కాలింది. దక్కన్ సుబేదారుగా, అంటే పాదుషా తరఫున ఆ ప్రాంతాన్ని ఏలేవాడుగా, ఉన్న ఔరంగజేబు అక్కను చూడటానికి ఆగ్రా వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే పదవి ఊడింది. మరుసటేడు గుజరాత్ దక్కిందంటే అది అక్క మాట సాయమేనంటారు. ఆవిడేమో ముందు నుంచీ దారా పక్షం. దారా పెళ్లి దగ్గరుండి చేయించింది కూడా ఆవిడే.

ఇలాంటి అక్కలు మనకు కొత్తా? మా పొలం పంపకాలప్పుడు మా అక్క అన్నయ్య వైపు నిలబడి నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. వేసవిలో ఆవకాయ మాత్రం వచ్చింది. జాడీ మూతికి తెల్లగుడ్డ, గుడ్డ చుట్టూ పురికొస. లోపల ఒక్క వెల్లుల్లి రెబ్బ లేదు. వెల్లుల్లి నాకు పడదని అంత కోపంలోనూ గుర్తుంది. ఆ జాడీని ఏ వాటాలో రాయాలో నవలాకారులే తేల్చాలి.

పనిలో పనిగా, గోల్కొండ వాళ్లు దారాకు ఒక శిలాఫలకం బాకీ. 1656లో ఔరంగజేబు కోటను ముట్టడించి ఇక పట్టేస్తాడనగా, ఆపమని పాదుషా హుకుం వచ్చింది. తండ్రి చెవిలో ఊదినవాడు దారా. తమ్ముడికి పేరొస్తుందని అన్నగారి కడుపుమంట. ఆ మంట చలవతో కోట మరో 31 ఏళ్లు నిలిచింది. కానీ దారాది మంచివాడి వాటా కదా, అందులో కడుపుమంట పట్టదు. నవలలో ఆయన ఉపనిషత్తులు తిరగేస్తూ ఉంటాడు.

1658లో దారా సాముగఢ్‌లో ఔరంగజేబు చేతిలో ఓడాక, జహనారా పంపకాల మాట పట్టుకుని ఔరంగజేబు దగ్గరికి వెళ్లింది. దారాకు పంజాబ్, షూజాకు బెంగాల్, మురాద్‌కు గుజరాత్. తమ్ముడు వినలేదు. మరుసటేడు దారా తల తీయించాడు. అక్క, అతను బందీ చేసిన తండ్రితోపాటు ఆగ్రా కోటలో ఉండిపోయింది.

నేను చదివిన నవలలు ఇక్కడికొచ్చేసరికి తొందరపడతాయి. షాజహాన్ కిటికీలోంచి తాజ్‌మహల్ చూస్తూ కన్నుమూస్తాడు, పుస్తకం మూసుకుంటుంది. అసలు ఘట్టం ఆ తర్వాతిది. 1666లో ఔరంగజేబు ఆగ్రా వచ్చి అక్కను కలిశాడు. పాద్‌షా బేగం, అంటే అంతఃపురానికి పెద్ద, అనే హోదా తిరిగిచ్చాడు. దారాను చంపించిన ఆ చేతి నుంచే ఆవిడ పుచ్చుకుంది. అన్నేళ్లూ తమ్ముడి పక్షాన నిలిచిన రోషనారా బతికే ఉంది. పాపం, ఆవిడ న్యాయంగా కుళ్లుకోవలసిన రోజు అది. అప్పటికి నవల అయిపోయి ఉంటుంది.