దీవిస్తున్నాను

డాక్టరు ముందు నా బీపీ లేచి కూర్చుంటుంది, ఇంటికి రాగానే పడుకుంటుంది. ఏది నిజమో తేలాలంటే 24 గంటలు చేతికి యంత్రం కట్టుకుని తిరగాలన్నారు. తెల్లవారితే మా మరదలి కూతురి పెళ్లి, తర్వాత చూద్దామన్నాను. "రోజూ చేసే పనులన్నీ చేసుకోవచ్చు సార్, దేనికీ అడ్డం రాదు" అంటూ ఫోనులోంచి తలెత్తకుండానే టెక్నీషియన్ కుర్రాడు పట్టీ కట్టేశాడు, నడుముకు డబ్బా తగిలించాడు, ఏ వేళకు ఏం చేస్తున్నానో రాసుకోమని ఒక కాగితం చేతిలో పెట్టాడు.

ఎక్కువగా వాడని చేతికి పట్టీ కట్టాలన్నది వాళ్ల రూలు. నాది ఎడమచేతి వాటం, కాబట్టి కుడి చేతికి కట్టాడు. వాటం ఏదైనా సరే, మన దగ్గర అన్నం తినేదీ, తాంబూలం అందుకునేదీ, అక్షింతలు వేసేదీ కుడి చేత్తోనే అన్న సంగతి ఆ రూలు రాసిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పగలు 20 నిమిషాలకొకసారి, రాత్రి అరగంటకొకసారి పట్టీ దానంతట అదే బిగుసుకుంటుంది. అప్పుడు చెయ్యి కదపకూడదు, నోరు మెదపకూడదు. కదిపితే కొలత చెడిపోయి రెండు మూడు నిమిషాల్లో మళ్లీ మొదలుపెడుతుంది. రాత్రి ఎలా గడిచిందో మా ఆవిడను అడగండి, నాతో అయితే ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

హనుమకొండ హంటర్ రోడ్డులో కల్యాణ మండపం. తలంబ్రాలు అయిపోయాయి, వధూవరులు వేదిక మీద నిలబడ్డారు. పెళ్లికొడుకు ఆరడుగుల పైమాటే, దానిపైన తలపాగా. మునివేళ్ల మీద లేచి గుప్పెడు అక్షింతలతో చెయ్యి చాచానో లేదో, నడుము దగ్గర గుర్రుమంది.

ఆగిపోయాను.

డబ్బా లాల్చీ కింద ఉంది, పట్టీ లాల్చీ చేతి లోపల ఉంది. జనానికి కనిపించేదల్లా గాలిలో నిలిచిపోయిన ఒక పెద్దమనిషి చెయ్యి. చప్పుడు విని డ్రోన్ కెమెరా కుర్రాడు కంగారుగా పైకి చూశాడు, అతనితో పాటు సగం మండపం పైకి చూసింది. దీవెన ఇంకా పూర్తి కాలేదనుకుని పెళ్లికొడుకు మరింత వినయంగా వంగాడు. ఇప్పుడు నా చెయ్యి ఎవరి తల మీదా లేదు. అది చూసి పురోహితుడు ఉత్సాహం తెచ్చుకుని "శతమానం భవతి" మళ్లీ ఎత్తుకున్నారు. "అలాగే ఉండండి సార్, చాలా బాగా వస్తోంది" అన్నాడు వీడియో అతను. ఆ వేదిక మీద నన్ను మెచ్చుకున్నది ఆయనొక్కడే. వెనక వరుసలో డిన్నర్ సెట్టు పెట్టె మోస్తున్నావిడ, "బంతి లేచిపోతోంది, ఈయన దీవెనలు తెమలవా?" అంటోంది. "పెదనాన్నా, చాలు" అని పెళ్లికూతురు గొణిగింది. జవాబు చెబుదామంటే మాట్లాడకూడదాయె.

1896లో రివా-రోచి అనే ఇటలీ వైద్యుడు చేతికి గాలి పట్టీ కట్టి బీపీ చూసే పద్ధతి చెప్పాడు. 1905లో కొరొట్కోవ్ అనే రష్యా వైద్యుడు ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి నాడి చప్పుడు వినమన్నాడు. ఆ ఇద్దరితో నాకు పేచీ లేదు, వాళ్లు మనిషిని కూర్చోబెట్టి చూశారు. నా నడుముకున్న డబ్బా చప్పుడు వినదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలో పుట్టే చిన్న కదలికను పట్టుకుని లెక్క కడుతుంది. అందుకే చెయ్యి కాస్త వణికినా దానికి లెక్క తప్పుతుంది.

వణికించింది నేను కాదు, మా తోడల్లుడు. "అన్నా, కళ్లు తిరుగుతున్నాయా?" అంటూ భుజం పట్టుకుని ఊపేశాడు. పట్టీ వదిలేసింది. నేను నోరు తెరిచి సంగతి చెప్పేలోగా ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో విసనకర్ర తెచ్చారు, ఇంకెవరో నోట్లో చక్కెర పోశారు. నోటినిండా చక్కెరతో ఎవరికైనా ఏం వివరించగలం? లేచి, ఈసారైనా పని ముగిద్దామని మళ్లీ అక్షింతలు తీసుకుని చెయ్యెత్తాను. గుర్రుమంది.

సాయంత్రం యంత్రం అప్పగించాను. డాక్టరుగారు కాగితాలు తిరగేసి, "రోజు మొత్తం మీద చక్కగా ఉన్న కొలత ఇదొక్కటే, 118/70" అన్నారు. రెండోసారి చెయ్యెత్తినప్పటిది. సంతోషించేలోపే, పట్టీ గుండె కన్నా ఎత్తులో ఉంటే అంకె తగ్గి కనిపిస్తుందనీ, అది లెక్కలోకి రాదనీ చెప్పారు. కొలతల్లో కనీసం 70 శాతం సరిగా ఉండాలట, నావి లేవట, మళ్లీ కట్టాలట. ఫీజు సంగతి కౌంటర్లో చెబుతారట. దేనికీ అడ్డం రాదన్న కుర్రాడికి ఆ రోజు సెలవు.

తర్వాత నేను రాసిన కాగితం చేతిలోకి తీసుకున్నారు. 11.40, దీవిస్తున్నాను. 11.43, దీవిస్తున్నాను. ఆ రెంటి మధ్య ఇరికించి రాసిన "నోట్లో చక్కెర" దగ్గర డాక్టరుగారి వేలు ఆగింది.

"షుగరు పరీక్ష కూడా రాస్తున్నాను" అన్నారు.