పొదుపు పాఠాలు వంటింటి గుమ్మం దాటవెందుకని?

ఉగాది నాడు పంచాంగం తెరిచి, మన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని ఉంటే ఇంటిల్లిపాదీ నవ్వుకోవడం ఒక వేడుక. ఈ మధ్య ఆ నవ్వు అంత తేలిగ్గా రావడం లేదు. జీతం పడ్డ వారానికే అద్దె, ఫీజు, కరెంటు బిల్లు, గ్యాస్ బండ ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోతుంటే, పంచాంగకర్త మన పాసుపుస్తకం చూసే రాశాడేమో అనిపిస్తోంది. సరిగ్గా ఈ సందులోనే పొదుపు గురువులు దూరారు. ఫోను తెరిస్తే ఒకాయన కాఫీ మానేయమంటాడు. ఇంకొకావిడ మెరిసే ఇత్తడి గిన్నెల మధ్య నిలబడి, అమ్మమ్మల కాలంలో ఏదీ పారేసేవారు కాదు తెలుసా అంటుంది. పట్టణాల్లో చద్దన్నాన్ని మట్టి ముంతలో పోసి, పక్కన ఒక ఉల్లిపాయ పెట్టి, ధర కట్టి అమ్ముతున్నారు కూడా. పేదవాడి కూడుకు పట్టిన యోగం!

పాత పద్ధతుల మీద నాకు చిన్నచూపు లేదు. వాటిని పట్టుకునే మా ఇల్లు ఒక గడ్డుకాలం దాటింది. నా కోపమంతా వాటిని చెప్పే తీరు మీద. ఏ పొదుపు పాఠం విన్నా పప్పు దగ్గర మొదలై పోపు దగ్గర ముగుస్తుంది. ఇల్లంటే వంటిల్లు ఒక్కటే అయినట్టు, ఆ ఖర్చంతా ఇల్లాలే చేస్తున్నట్టు.

2020లో మాది ఖమ్మంలో అద్దె ఇల్లు. నేను ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మను. మా ఆయనకు కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు. మార్చిలో లాక్‌డౌన్ రాగానే బడి మూశారు, వెంటనే జీతాలు ఆపేశారు. కాలేజీ తెరవకపోతే జిరాక్స్ షాపులో ఈగలు తోలుకోవడానికి కూడా పని లేదు. ఆ ఏడాది ప్రైవేటు పంతుళ్ళు కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్ళారు. పత్రికలన్నీ రాశాయి. 2021 ఏప్రిల్‌లో గానీ తెలంగాణ ప్రభుత్వం మాకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించలేదు. అప్పటిదాకా గడిచింది మా అత్తయ్య చలవతోనే.

జీతం ఆగిందని చెప్పగానే అత్తయ్య కంగారుపడలేదు, ఏం తగ్గించాలో చెప్పనూ లేదు. అటక మీది డబ్బాలతో సహా అన్నీ దింపించింది. బియ్యం ఎన్ని మానికలు, కందిపప్పు ఎన్ని సోలలు, నూనె ఎంత, సబ్బులు ఎన్ని అని కొలిపించి, మా అమ్మాయి పాత లాంగ్ నోట్‌బుక్కులో ఖాళీ పేజీల మీద రాయించింది. ఎడమ పేజీలో ఇంట్లో ఉన్నది, కుడి పేజీలో ఇంట్లోంచి పోయేది. ఆవిడ కొత్త కోడలిగా వచ్చింది 1974లో. దేశమంతా ధరలు ఒక్క ఏడాదిలోనే పాతిక శాతానికి పైగా ఎగిసిన కాలం అది. "ముందు ఉన్నదేమిటో తెలియాలి. తెలియకుండా తగ్గించడం మొదలుపెడితే అక్కర్లేనిది ఉంటుంది, కావలసింది పోతుంది" అంది. డబ్బు గురించి ఇంత సూటి మాట నాకు ఏ గురువూ చెప్పలేదు.

ఆ లెక్కల్లో తేలిందేమిటంటే ఏడాదికి సరిపడా చింతపండు, కారం ఇంట్లో ఉన్నాయి. లాక్‌డౌన్ ముందే కొనేశాం. మా ఇంట్లో అది ఏటా జరిగే తంతు. శివరాత్రి దాటాక కొత్త చింతపండు దిగుతుంది. పల్లెల నుంచి గంపల్లో తెస్తారు. గింజతో కొంటే చవక, నిజమే. కానీ గింజ, ఈనె తీసేస్తే బరువులో మూడో వంతు పైనే పోతుంది. ఆ లెక్క కట్టకుండా చవకని మురిసిపోతే నష్టం మనకే. అత్తయ్య గంప దగ్గరే పిడికెడు తీసి, గింజ ఒలిచి, రెండు కుప్పలు పక్కపక్కన పెట్టి చూసి ధర మాట్లాడేది. ఇంటికి తెచ్చాక కత్తిపీట ముందు పెట్టుకుని ఒక్కో పండూ చీల్చి గింజ తీయాలి. తీసినది ఎండలో ఆరబెట్టి, రాళ్ళ ఉప్పు చల్లి, జాడీలో పొర మీద పొరగా అదమాలి. కొత్తది ఎర్రగా ఉంటుంది, పులిహోరకు వాడుకోవాలి. ఏడాది తిరిగిన నల్ల పండు చారుకు. గింజలు పిల్లలకు వామనగుంటలకు.

మిరపకాయలూ అంతే. ఖమ్మం మార్కెట్‌కు కొత్త సరుకు పోటెత్తే రోజుల్లో కొని, తొడిమలు తీసి, గలగలలాడేదాకా ఎండబెట్టి పట్టిస్తే ఏడాది కారం. కందిపప్పుకు పురుగు పట్టకుండా చేతికి అంటీ అంటనట్టు ఆముదం రాసేది. బియ్యం కొత్తవి కొనేది కాదు, ఒదగవని. పాత బియ్యం అదే సోలకు ఎక్కువ అన్నం అవుతుంది.

ఇందులో ఉన్నది పిసినారితనం కాదు, కాలజ్ఞానం. ఏది ఎప్పుడు పండుతుందో, ఎప్పుడు కుప్పలు పోస్తుందో తెలియడం. ఉల్లిపాయ 2019 డిసెంబరులో కిలో 100 రూపాయలు దాటింది. టమాటా 2023 జూలైలో అదే పని చేసింది. అదే టమాటాకు మరో నెలలో గిట్టుబాటు రాక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. పారబోసే నెలలో నిలవ పచ్చడి పెట్టుకున్న ఇంటికి జూలైలో గుండె దడ ఉండదు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్ మనకు మరిపించింది ఈ ఒక్క తెలివినే: అన్నీ అన్ని వేళలా దొరుకుతున్నాయి కాబట్టి, ఏది ఎప్పుడు కొనకూడదో ఎవరికీ పట్టడం లేదు.

ఇంకొకటి గిద్ద. మా అత్తయ్యది ఇత్తడి గిద్ద, అంచు కాస్త సొట్టపోయింది. పప్పయినా రవ్వయినా దానితో కొలవకుండా పొయ్యి ఎక్కదు. నేను చేతికొద్దీ పోసే దాన్ని, మిగిలింది ఫ్రిజ్‌లోకి, అక్కడి నుంచి మూడో రోజు చెత్తబుట్టలోకి. గిద్ద వచ్చాక ఫ్రిజ్‌లో గిన్నెలు మాయమయ్యాయి. పప్పు అరగంట ముందు నానబెట్టడం, గిన్నె మీద మూత పెట్టడం లాంటివి అందరికీ తెలిసినవే, మళ్ళీ చెప్పను.

ఆ వేసవిలో రేషన్ దుకాణంలో మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చారు, కార్డుకు 1,500 రూపాయలు వేశారు. క్యూలో నిలబడటానికి మా వీధిలో చాలామందికి సిగ్గు. పంతులమ్మను కదా, నాకూ మొహమాటమే. అత్తయ్య సంచీ పట్టుకుని ముందు నడిచింది. ఆ బియ్యంలో కొంత అన్నానికి, కొంత దోసెలకు, కొంత పిండిమరలో రవ్వ పట్టించి ఉప్మాకు. మా అమ్మాయి ఉప్మా అంటే మొహం తిప్పుకునేది, పక్కన మామిడికాయ పచ్చడి ఉంటే మాత్రం తిప్పుకునేది కాదు.

ఇప్పుడు పొదుపు గురువులు చెప్పని సంగతులకు వద్దాం.

ఏడాది సరుకు ఒకేసారి కొనాలంటే ఆ నెలలో చేతిలో డబ్బుండాలి. రోజు కూలీకి వెళ్ళే ఇంట్లో 5 రూపాయల షాంపూ ప్యాకెట్లు, పావు కిలో పప్పు కొంటారు. అది తెలివితక్కువతనం కాదు, చేతిలో ఉన్నదంతే. చవకగా కొనడానికి కూడా పెట్టుబడి కావాలి. మా ఇంట్లో ఆ పెట్టుబడి పోపుల డబ్బా వెనక దాచినదీ, వీధిలో వేసుకున్న చీటీ పాటదీ. 2016 నవంబరులో 500, 1000 నోట్లు రద్దయినప్పుడు ఇళ్ళల్లో ఆడవాళ్ళు దాచుకున్నవన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. గృహిణులు రెండున్నర లక్షల దాకా జమ చేసుకుంటే ఆరా తీయబోమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వం తీయలేదు, మొగుళ్ళు తీశారు. నాకు తెలియకుండా ఎక్కడిదని. ఇన్నాళ్ళూ ఇంటిని ఆదుకున్న డబ్బు ఒక్క రాత్రిలో దొంగసొమ్మయింది.

తర్వాత జాగా. ఒరుగులు, వడియాలు ఎండబెట్టాలంటే డాబా కావాలి. అద్దెకున్న వాళ్ళను డాబా మీదికి రానివ్వని ఇంటివాళ్ళు ఎంతమంది లేరు! మా ఇంటివారు మంచివారు కాబట్టి సరిపోయింది. అపార్టుమెంటు బాల్కనీలో గుమ్మడి వడియాలు పెట్టుకోమనే వాళ్ళు ఒకసారి ఆ బాల్కనీలో నిలబడి చూడాలి.

ఆపైన శ్రమ. చింతపండు గింజ తీస్తే నడుము పట్టేస్తుంది, మిరపకాయ తొడిమలు తీస్తే చేతులు రాత్రంతా మండుతాయి. ప్యాకెట్ కొనకపోవడం వల్ల మిగిలిన డబ్బు పద్దు పుస్తకంలో కనబడుతుంది, ఆ మంట ఏ పద్దులోనూ కనబడదు. ఆ మిగులు అంతా ఆడవాళ్ళ జీతం లేని కూలి.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది కంచం సంగతి. ఇంట్లో చేయి బిగించగానే మొదట తగ్గేది ఎవరి కంచంలోనో అందరికీ తెలుసు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, కూర అయిపోతే మజ్జిగతో సరిపెట్టుకోవడం, పిల్లలకు పాలు చాలవని తన గ్లాసు మానేయడం. దీన్ని త్యాగమని పొగిడే పోస్టులకు వేలల్లో లైకులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇదంతా పొదుపు వల్లే అనను. కానీ చివర తినే అలవాటు దీన్ని పెంచుతుందో తగ్గిస్తుందో మీరే చెప్పండి. మా అత్తయ్య 1974లో ఆ పని చేసిన మనిషి. 2020లో మాత్రం నన్ను చేయనివ్వలేదు. నలుగురం ఒకేసారి కూర్చోవాలి, కూర నాలుగు కంచాల్లో ముందే పడాలి, ఆ తర్వాతే ముద్ద ఎత్తాలి. "నేను మిగిల్చిన డబ్బంతా తర్వాత డాక్టరుకే పోసాను" అంది ఒకసారి, పెద్దగా బాధపడకుండానే.

ఇక వంటింటి బయటికి వెళ్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. అదే నెల్లూరులో ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున దాచుకుని పొదుపు లక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. క్రమం చూడండి. ముందు చిల్లు పూడ్చారు, తర్వాత రూపాయి దాచారు. పప్పులో నీళ్ళు ఎలా పోయాలో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు, అది వాళ్ళకు పుట్టుకతో తెలుసు. ఇంటిని ముంచుతున్నది పప్పు కాదని కూడా తెలుసు.

మా నోట్‌బుక్కు కుడి పేజీలో అత్తయ్య మొదటి వారమే కొడుకును కూర్చోబెట్టి బయటి ఖర్చు అని ఒక గడి గీయించింది. పెట్రోలు, టీ, సిగరెట్లు, స్నేహితుడికి చేబదులు. మా ఆయన ముందు గొణిగాడు, చిల్లరమల్లర ఖర్చులు కూడా రాయాలా అమ్మా అని. "కొత్తిమీర కట్ట రాయలేదా మేము?" అంది ఆవిడ. నెల తిరిగేసరికి ఆ చిల్లరమల్లర కూరగాయల పద్దును దాటేసింది. ఎవరూ ఏమీ అనలేదు. సిగరెట్లు ఆ గడిలోంచి వాటంతట అవే తగ్గాయి.

ఇప్పుడు మన ఇళ్ళకు ఉన్న చిల్లులు సారా ఒక్కటే కాదు. వాయిదాల మీద ఫోను, పెళ్ళికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి మరో యాప్‌లో అప్పు, అల్లుడికి పెట్టుపోతలు. అప్పులు తీసేశాక కుటుంబాల చేతిలో మిగిలే ఆర్థిక పొదుపు 2020-21లో జీడీపీలో 11 శాతం దాటింది, 2022-23కి దాదాపు 5 శాతానికి పడిపోయిందని రిజర్వ్ బ్యాంకు లెక్కలు చెబుతున్నాయి. ఆ పడిపోయినదంతా కొత్తిమీర మీద పెట్టామా? మూడు రోజుల పెళ్ళికి డ్రోన్ కెమెరా మాట్లాడుకున్న ఇంట్లోనే, పనమ్మాయికి వంద పెంచడానికి పొదుపు గుర్తొస్తుంది.

కొన్నిటికి ఏ పొదుపూ చాలదని కూడా ఒప్పుకోవాలి. అత్తయ్య గిద్ద ఇంటద్దెను తగ్గించలేదు. ఆ ఏడాది అద్దెకు నా గాజులు కుదువబెట్టాం. ఆ సంగతీ నోట్‌బుక్కులో ఉంది. జీతం ఎగ్గొట్టిన బడిని ఒక్క మాట అనకుండా, జీతం లేనివాళ్ళకు కాఫీ మానమని చెప్పేవాళ్ళు ఆ పేజీ చదవాలి.

బడి తెరిచాక గాజులు విడిపించుకున్నాం. చీరలతో బొంతలు కుట్టడం, బట్టలకు గంజి పెట్టడం మానేశాం, అంత ఓపిక లేదు. నోట్‌బుక్కు, గిద్ద, నాలుగు కంచాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఈ వారం మార్కెట్లో టమాటా మళ్ళీ కుప్పలు పోస్తున్నారు. ఆదివారం పచ్చడి పెడుతున్నాం. ముక్కలు కోసి ఉప్పులో ఊరవేసే పని ఈసారి మా ఆయన పేరున రాసి ఉంది.