షుగర్ సంగతి దాచమనే ఆ మెసేజ్‌కు జవాబు

అమెరికాలో కొడుకు దగ్గరికో, కూతురి పురుడు పోయడానికో బయల్దేరే పెద్దవాళ్ల కోసమంటూ ఒక వాట్సాప్ మెసేజ్ నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారాంశం: ట్రావెల్ ఇన్సూరెన్స్ శుద్ధ దండగ. విమానం టికెట్‌లోనే బీమా ఉంటుంది. అమెరికాలో ఎమర్జెన్సీ అంటే ఏ ఆసుపత్రీ కాదనదు. తప్పక పాలసీ కొన్నా షుగర్, బీపీ ఉన్నాయని రాయొద్దు, రాస్తే పైసా రాదు. మన దేశంలో తిరగడానికి రైలు టికెట్‌తో వచ్చే 45 పైసల బీమా చాలు, దారిలో ఏం జరిగినా 10 లక్షలు. క్లెయిమ్ కొట్టేస్తే చెప్పుకునే దిక్కు లేదు.

విమానం టికెట్‌తో మొదలుపెడదాం. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో విమానంలో గానీ, ఎక్కుతూ దిగుతూ గానీ ప్రమాదం జరిగితే విమాన సంస్థ పరిహారం ఇవ్వాలి. సామాను పోయినా ఒక పరిమితి వరకు బాధ్యత దానిదే. అంతవరకే. దిగిన మూడు వారాలకు డాలస్‌లో న్యుమోనియా వస్తే విమాన సంస్థకు ఏం సంబంధం? క్రెడిట్ కార్డుతో వచ్చే బీమా కూడా ఎక్కువగా విమాన ప్రమాదానికే. అదీ టికెట్ ఆ కార్డుతోనే కొనాలి లాంటి షరతులతో.

ఎమర్జెన్సీ మాట సగం నిజం. అమెరికాలో 1986 నుంచి ఒక చట్టం ఉంది. అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రులు డబ్బుందా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయం తప్పేదాకా వైద్యం చేయాలి. అయితే ఆ వైద్యం ఉచితమని చట్టంలో ఎక్కడా లేదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది, వేల డాలర్లలో వస్తుంది. అమ్మానాన్నలను చూసుకుందామని పిలిపించుకున్న పిల్లల నెత్తిన పడుతుంది. పైగా పరిస్థితి కుదుటపడ్డాక కావాల్సిన చికిత్సకు ఆ చట్టం వర్తించదు.

ఇక షుగర్ దాచమన్న సలహా. మెసేజ్ మొత్తంలో నాకు ఒళ్లు మండించింది ఇదే. మిగతావి నమ్మితే పాలసీ ఉండదు. ఇది నమ్మితే డబ్బు కట్టి కొన్న పాలసీ కూడా అక్కరకు రాదు. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి పోతే అక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లోనే షుగర్ ఉందా, ఎన్నేళ్ల నుంచి, ఏం మందులు అని ఉంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరూ అబద్ధం చెప్పరు. "ఎనిమిదేండ్ల నుంచి ఉంది డాక్టరుగారూ" అంటారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ చూసేవాళ్లు ముందు తెరిచేది ఆ కాగితమే. పాలసీ కొనేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో "లేదు" అని, కేస్ షీట్‌లో "ఉంది" అని ఉంటే సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరిస్తారు.

నిజం రాస్తే పైసా రాదన్నదీ తప్పే. ముందునుంచి ఉన్న జబ్బుకు రోజువారీ మందులు, మామూలు చెకప్‌లు చాలా పాలసీల్లో రావు, ఒప్పుకుంటాను. కానీ ఆ జబ్బువల్ల ప్రాణాపాయం వచ్చినప్పుడు కొంత పరిమితి వరకు ఇచ్చే పాలసీలు ఉన్నాయి. ప్రీమియం కాస్త ఎక్కువ. షుగర్ ఉన్న మనిషి మంచులో జారి తుంటి విరగ్గొట్టుకుంటే షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ ఖర్చు ఆపరు, ముందే చెప్పి ఉంటే. దాచిపెట్టి ఉంటే అక్కడ కూడా కంపెనీ వేలెత్తి చూపడానికి ఆస్కారం ఇచ్చినట్టే. ఫారం ఏజెంటు నింపినా కింద సంతకం మీది. పెట్టే ముందు జబ్బుల కాలమ్ ఒక్కసారి చదవండి.

పాలసీ ఎంచుకునేటప్పుడు పైన పెద్దక్షరాల్లో ఉండే 50 వేల డాలర్లు చూసి మురిసిపోవద్దు. అరవై దాటినవాళ్లకు గది అద్దె రోజుకు ఇంత, సర్జన్ ఫీజు ఇంత అని లోపల సబ్‌లిమిట్లు ఉంటాయేమో అడగాలి. డిడక్టబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పోయే మొత్తం. అది 100 డాలర్లా, 500 డాలర్లా అన్నదాన్ని బట్టి ప్రీమియం మారుతుంది. అమెరికా కంపెనీల ప్లాన్లలో ఒక్కో చికిత్సకు ఇంత అని స్థిరంగా ఇచ్చేవి చవకగా దొరుకుతాయి. బిల్లు పెద్దదైతే అవి ఏ మూలకూ రావు. యూరప్ టూరుకైతే వాదనే అక్కర్లేదు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా లేకుండా అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఇవ్వరు.

రైలు విషయానికొద్దాం. 45 పైసల బీమా మంచిదే, నేనెప్పుడూ వద్దనను. కానీ అది ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో, యాప్‌లో తీసుకున్న ఈ-టికెట్‌కే, అదీ బీమా కావాలని టిక్ పెడితేనే. కౌంటర్ టికెట్‌కు లేదు. రైలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి పోతూ గుండెపోటు వస్తే ఇది వర్తించదు. బుక్ చేశాక బీమా కంపెనీ నుంచి వచ్చే లింకులో నామినీ పేరు నింపాలి. చాలామంది అది తెరవనే తెరవరు.

మెసేజ్ రాసినవాళ్లు పట్టించుకోనివాళ్లు పాలమూరు నుంచి జనరల్ బోగీలో ముంబై, పుణె పనులకు పోయే కూలీలు. వాళ్లకు ఈ 45 పైసల బీమా ఉండదు. అయినా రైల్వే చట్టం ప్రకారం ప్రమాదంలో చనిపోయినా, పొరపాటున రైల్లోంచి జారిపడి చనిపోయినా కుటుంబానికి 8 లక్షల పరిహారం ఉంది. ఈ పరిహారం కేసులు వినే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ బెంచ్ సికింద్రాబాద్‌లో ఉంది. అక్కడ టికెట్ ముఖ్యమైన ఆధారం, కాబట్టి జాగ్రత్తగా దాచుకోవాలి. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే ప్రమాద మరణానికి మరో 2 లక్షలు.

దేశంలో తిరగడానికి వేరే ట్రావెల్ పాలసీ అవసరమా అంటే, మంచి ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు నా లెక్కలో పెద్దగా అక్కర్లేదు. ఇక్కడ మెసేజ్‌తో కొంత ఏకీభవిస్తాను. ఆరోగ్యశ్రీ ఉంది కదా అనుకునేవాళ్లు మాత్రం పోయే ఊళ్లో ఆ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రి ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

చివరిది, చెప్పుకునే దిక్కు లేదన్న మాట. తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. అక్కడ కాదన్నా, నెలలో జవాబు రాకున్నా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయొచ్చు. 50 లక్షల వరకు వివాదాలు వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 155255. ఇవన్నీ మన దేశపు కంపెనీ దగ్గర కొన్న పాలసీలకే. అమెరికా ప్లాన్ కొంటే గొడవ వచ్చినప్పుడు అక్కడే, అక్కడి నిబంధనల ప్రకారమే తేల్చుకోవాలి. కొడుకు ఆన్‌లైన్‌లో కొనేస్తానంటే ఈ సంగతి కూడా అతనికి చెప్పండి.