రండి రండి, రాకండి

ఇది 2021 డిసెంబరు నాటి మాట. కరోనాకి మూసిన బాలి ద్వీపం విదేశీ టూరిస్టులకు మళ్ళీ తెరుచుకుంది. ఈ సంగతి నాకు ఇండోనేషియా ప్రభుత్వం చెప్పలేదు, మా విశాఖ ద్వారకా నగర్‌లో ఆఫీసున్న ఒక ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. ఒకసారి చెప్పి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. అక్టోబరు నుంచి ఈ డిసెంబరు దాకా పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు కొబ్బరి చెట్లు, నీలం నీళ్ళు, వాటి మీద ఎర్రక్షరాలతో "బాలి ఈజ్ ఓపెన్! త్వరపడండి!" అని వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నాడు. అడుగున ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన కళ్ళజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్న అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి".

నేను ఇన్సూరెన్సు బాండు వెనక పేజీలు కూడా చదివే జాతి మనిషిని. ఆ షరతులేమిటో వెతికి మరీ చదివాను.

అక్టోబరు 14న 19 దేశాల వాళ్ళకు బాలి తలుపులు తీశారు. ఆ 19లో మన దేశమూ ఉంది, కాబట్టి ముందుగా అందరం కాలర్ ఎగరేద్దాం. ఇక వెళ్ళేవాడు చేయాల్సినవి. వ్యాక్సిన్ పూర్తిగా వేసుకుని ఉండాలి. బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ నెగెటివ్ రిపోర్టు చేతిలో ఉండాలి. అక్కడ దిగగానే మళ్ళీ ముక్కు అప్పగించాలి. తర్వాత ఐదు రోజులు హోటల్ గదిలో, సొంత ఖర్చుతో, తలుపేసుకుని కూర్చోవాలి. గది వదిలే ముందు ఇంకోసారి ముక్కు. జబ్బు చేస్తే ఖర్చు భరించడానికి లక్ష డాలర్ల ఇన్సూరెన్సు, అంటే మన డబ్బులో సుమారు 75 లక్షలు. విమానం దిగాక కౌంటర్ దగ్గర ముద్ర కొట్టి ఇచ్చే పాత వీసా ఎత్తేశారు. ముందే తెచ్చుకోవాలి, దానికి ఆ దేశంలో మనకొక స్పాన్సర్ ఉండాలి. ఫోన్లో వాళ్ళ ప్రభుత్వ యాప్ ఉండాలి.

ఇవన్నీ సమకూర్చుకున్న మనిషికి ఒక్క చిన్న లోటు మిగిలింది. బాలికి విమానం లేదు.

నేను ఎగతాళికి అనడం లేదు. తెరిచిన రోజున బయటి దేశం నుంచి ఒక్క విమానం కూడా అక్కడ వాలలేదు. నేను ఇది రాస్తున్న రోజుకి కూడా వాలలేదు. శుభలేఖలు ఊరంతా పంచి, కల్యాణ మండపం పేరు మాత్రం రాయకుండా వదిలేసినట్టుంది వ్యవహారం.

మన వైపు సంగతీ చూద్దాం, న్యాయం న్యాయమే కదా. మన దేశం నుంచి బయటికి వెళ్ళే రెగ్యులర్ విమానాలు 2020 మార్చి 23న ఆగాయి. కొన్ని దేశాలతో మాత్రం పరిమితంగా విమానాలు నడుపుకోవడానికి ఎయిర్ బబుల్ అని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ బుడగల్లో ఇండోనేషియా లేదు. మొన్న నవంబరు 26న, డిసెంబరు 15 నుంచి అన్ని విమానాలూ మామూలే అన్నారు. వారం తిరగకుండా డిసెంబరు 1న, అబ్బే, ఇప్పుడు కాదన్నారు. అంటే మీరు రావచ్చని వాళ్ళు పిలుస్తారు, మీరు కదలొద్దని వీళ్ళు ఆపుతారు. మధ్యలో మా ఏజెంటు త్వరపడండి అంటాడు. కరోనాకి ముందు విశాఖ నుంచి నేరుగా సింగపూర్‌కి విమానం ఉండేది. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి అక్కడ. ఇప్పుడు ఆ మాట చెబితే పిల్లలు తాతల కాలపు కథ వింటున్నట్టు చూస్తున్నారు.

అయితే ఆ 19 దేశాల జాబితాను నేను చాలాసార్లు చదువుకున్నాను. మనసు బాగాలేనప్పుడల్లా తీసి చదువుతాను. ఏటా గుంపులు గుంపులుగా బాలికి వచ్చే ఆస్ట్రేలియా వాళ్ళు అందులో లేరు. లిక్టెన్‌స్టైన్ ఉంది.

లిక్టెన్‌స్టైన్ అంటే స్విట్జర్లాండ్‌కీ ఆస్ట్రియాకీ మధ్య ఇరుక్కున్న దేశం. విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు, జనాభా 39 వేల చిల్లర. మన గాజువాకలో ఒక మూల. ఆ దేశానికి సముద్రం లేదు, దాని చుట్టూ ఉన్న దేశాలకీ సముద్రం లేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ దేశానికి విమానాశ్రయం లేదు. విమానాశ్రయం లేని దేశం నుంచి విమానాలు వాలని ద్వీపానికి అనుమతి ఇచ్చారు. ఈ నిర్ణయం తీసుకున్న అధికారి ఎవరో గాని, ఆయన రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటాడు. ఏ వైపు నుంచీ ప్రమాదం లేదు.

ఆ దేశంలో ఒక పెద్దమనిషిని ఊహించుకోండి. నేను రోజూ ఊహించుకుంటున్నాను. ఆవులున్నాయి, జున్ను అమ్ముకుంటాడు, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. పేపర్లో వార్త చదివి భార్యతో "ఏమేవ్, మనల్ని పిలిచారే" అన్నాడు. వ్యాక్సిన్లు అయ్యాయి, ముక్కు పరీక్ష అయింది, లక్ష డాలర్ల ఇన్సూరెన్సుకి రెండు ఆవులు పోయాయి. బస్సెక్కి పక్క దేశానికి వెళ్ళి జ్యూరిక్‌లో విమానం పట్టుకున్నాడు. అదీ జకార్తా దాకానే. అక్కడ తలకాయ నుంచి కాలి గోరు దాకా ప్లాస్టిక్ కప్పుకున్న మనిషి వచ్చి, దండం పెట్టి, ముక్కులో పుల్ల పెట్టి, హోటల్ గదిలో పెట్టి తలుపేశాడు. కిటికీలోంచి చూస్తే ఫ్లైఓవర్. దాని మీద ట్రాఫిక్. "సముద్రం ఏదండీ?" అని భార్య అడిగింది. "అటువైపు ఉండుంటుంది" అని ఫ్లైఓవర్ వైపు చెయ్యి చూపించాడు. గుమ్మం బయట అట్టపెట్టెలో అన్నం పెట్టి, తలుపు కొట్టి, మనిషి కనపడకుండా పారిపోతున్నారు. మూడో రోజుకి ఆయన ఆవుల్ని పేర్లు పెట్టి పిలుస్తున్నాడు. ఈలోగా టీవీలో కొత్త సర్క్యులర్.

ఆ సర్క్యులర్ల సంగతి చెప్పలేదు కదూ. ఐదు రోజులన్న క్వారంటైన్ నవంబరు మొదట్లో మూడు రోజులైంది. మా ఏజెంటు టపాసులు కాల్చాడు, దీపావళి కూడా కలిసొచ్చింది. నెలాఖరుకి ఒమిక్రాన్ అనే కొత్త రకం కరోనా వచ్చింది, ఏడు రోజులన్నారు. డిసెంబరు 3 నుంచి పది రోజులు. పరీక్ష రాసేవాడు రాస్తుండగానే ప్రశ్నపత్రం మార్చే ఇన్విజిలేటర్లను మన యూనివర్సిటీలో కూడా చూడలేదు నేను.

ఈ పరిస్థితుల్లో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు కార్తీకంలో పెళ్ళైన కూతుర్నీ అల్లుణ్ణీ బాలి పంపిస్తానని వియ్యాలవారి ముందు మాట జారారు. ఆ ఏజెంటుకి ఫోన్ చేసి, సాక్షిగా నన్ను కూర్చోబెట్టుకుని, స్పీకర్ ఆన్ చేశారు.

"ప్యాకేజీ ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు సార్" అన్నాడు వాడు.

"క్వారంటైనో?"

"పది రోజులు సార్. అది ఎక్స్‌ట్రా."

"అంటే బాలి చూసేది ఐదు రోజులు, గది చూసేది పది రోజులా?"

"సీ వ్యూ రూమ్ ఇప్పిస్తాను సార్."

"సీ వ్యూ మా డాబా మీంచే ఉందయ్యా. మేం ఉండేది పెదవాల్తేరు. సరే, విమానం ఎలాగ?"

"ఇక్కణ్ణుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్, అక్కణ్ణుంచి జకార్తా. క్వారంటైన్ జకార్తాలోనే. అదయ్యాక బాలికి లోకల్ ఫ్లైట్."

తూర్పున ఉన్న ద్వీపానికి పడమటి దిక్కుగా బయల్దేరాలన్నమాట. మా విశాఖ పక్కన తొట్లకొండ, బావికొండల్లో బౌద్ధ భిక్షువులు తిరిగిన కాలంలో మన కళింగ తీరం వాళ్ళు గాలివాటు చూసుకుని ఓడెక్కి ఆ దీవుల వైపు వెళ్ళి సరుకులమ్ముకుని వచ్చేవారు. పాపం వాళ్ళకి దుబాయ్ మీదుగా వెళ్ళాలన్న తెలివి లేదు.

సెక్రటరీ గారు వదల్లేదు. "జకార్తాలో సీ వ్యూ ఎక్కడిదయ్యా?"

"సిటీ వ్యూ సార్. సీ వ్యూ అని వినపడిందా? లైన్ సరిగా లేదు."

"కొత్త దంపతులు. ఇద్దర్నీ ఒకే గదిలో ఉంచుతారా?"

"కనుక్కుని చెప్తాను సార్."

సెక్రటరీ గారి మొహం మాడిపోయింది. అయినా గొంతు తగ్గించి, అడగకూడని ప్రశ్న అడిగారు. "ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగెటివ్ వస్తేనో?"

"దానికి వేరే ప్యాకేజీ ఉంది సార్" అన్నాడు వాడు, తడుముకోకుండా.

అడ్వాన్సు తిరిగివ్వరట. నిబంధనలు మారితే కంపెనీ బాధ్యత కాదట. నిబంధనలు మారకపోతే ఎవరి బాధ్యతో కూడా చెప్పలేదు.

రోగాన్ని ఆపడానికే కదా ఇదంతా, నవ్వులాటా అని కోప్పడేవాళ్ళుంటారు. ఆగుతోందేమో చూద్దాం. ఈ నెల 12న మన రాష్ట్రంలో మొదటి ఒమిక్రాన్ కేసు బయటపడింది. ఎక్కడో కాదు, పక్కనే విజయనగరంలో. విదేశం నుంచి వచ్చిన ప్రయాణికుడికి ముంబైలో దిగినప్పుడు నెగెటివ్, విశాఖ చేరి విజయనగరం వెళ్ళాక పాజిటివ్. ఆ ప్రయాణికుడి తప్పు ఇసుమంతైనా లేదు, చెప్పినవన్నీ చేశాడు. వైరస్‌కే సర్క్యులర్ అందినట్టు లేదు. ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను నవంబరు 3న గాని గుర్తించలేదు. అంతకుముందు రోజు దాకా మన పక్కన హైదరాబాద్‌లో తయారైన టీకా రెండు డోసులు వేసుకున్నవాణ్ణి చాలా దేశాలు అసలు టీకా వేసుకోనివాడి కిందే లెక్కగట్టాయి. మర్నాడు అదే చెయ్యి, అదే టీకా, పెద్దమనిషైపోయాడు.

ఇంత పకడ్బందీగా తెరిచిన ద్వీపానికి ఎంతమంది వెళ్ళారో తెలుసా? 2019లో బాలికి వచ్చిన విదేశీయులు 60 లక్షల పైమాటే. ఈ ఏడాది వచ్చినవాళ్ళు వంద మంది కూడా లేరు. వందే. వంద వేలు కాదు. అక్కడ సగం ఇళ్ళలో పొయ్యి వెలిగేది టూరిస్టు వల్లే. హోటళ్ళలో పక్కలు దులిపినవాళ్ళు, పడవల్లో జనాన్ని తిప్పినవాళ్ళు సముద్రపు నాచు పెంచుకోవడానికీ, పొలం పనులకీ తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళ కోసమే తెరిచామని మైకు ముందు చెప్పారు. తెరిచామని చెప్పుకోవడానికి తెరిచారు. ఎవడైనా నిజంగా వచ్చేస్తాడేమోనన్న భయంతో షరతులు రాశారు.

అయినా వాళ్ళు కనీసం రాశారు. టూరిస్టు అనేవాడొకడున్నాడని, వాడు ఎక్కడ పడుకుంటాడో, ఏం తింటాడో, జబ్బు చేస్తే ఎవరు డబ్బు కడతారో పేజీలకు పేజీలు ఆలోచించారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నిరుడు మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గుజరాత్ వెరావల్ హార్బర్‌లో మన శ్రీకాకుళం, విజయనగరం తీరపు ఊళ్ళ కలాసీలు, అంటే చేపల పడవల్లో కూలిపని చేసేవాళ్ళు, వేల మంది చిక్కుకుపోయారు. వాళ్ళు బీచ్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కారు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడుగు తీరం ఏ జిల్లాకీ లేదు, అక్కడ సరిగ్గా పనికొచ్చే చేపల హార్బర్ ఒక్కటి లేదు. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని, దేశానికి ఆ చివర ఎవడి పడవలోనో కూలికి వల లాగడానికి పోతారు. లాక్‌డౌన్ వచ్చింది. పడవ సముద్రంలోకి పోకూడదు, మనిషి నేల మీదికి రాకూడదు. నెల రోజులు ఆ పడవల్లోనే ఉన్నారు. భౌతిక దూరం పాటించండని ఫోన్లో రికార్డు గొంతు చెప్తోంది, పక్క మనిషి మోకాలు వీడి పొట్టలో ఉంది. ఏప్రిల్ ఆఖరుకి గాని బస్సులు కదల్లేదు.

వాళ్ళకి ఏ ఫారం పెట్టారు? ఏ యాప్? ఏ హోటలు, ఏ కారిడారు, ఏ బుడగ? ఐదు రోజులా పది రోజులా అని ఏ మంత్రి కూర్చుని లెక్కలేశాడు? ఒక నిబంధనంటూ ఉంటే తిట్టుకునేవాళ్ళం, కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్ళం. అదీ లేదు. మన దేశం మనిషి, మన దేశపు రేవులో, నెల రోజులు నేల మీద కాలు పెట్టడానికి లేకుండా ఉంటే, దాన్ని ఏ సర్క్యులర్‌లోనూ రాయనక్కర్లేదనుకున్నారు సిగ్గులేని మనుషులు. జున్ను అమ్ముకునే లిక్టెన్‌స్టైన్ మనిషి గుర్తొచ్చాడు ఈ ప్రపంచానికి. వల లాగే మన మనిషి గుర్తు రాలేదు.

మొన్న ఫిషింగ్ హార్బర్‌లో కొనేం చేప కొంటూ ఈ బాలి కబుర్లు చెబుతుంటే చేపలమ్మే ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తింది. ఆవిడ తమ్ముడు ఆ పడవల్లో ఉన్నవాళ్ళలో ఒకడు. "గదిలో ఎట్టి తిండెడితే దాన్ని కష్టమంటారేటి బాబూ?" అంది. "మావోడు పడవలో కూకుండి, తాగడానికి నీల్లు లేవప్పా అని ఫోన్ సేసేవోడు. ఆ గదేదో మావోడికిచ్చుంటే సచ్చినట్టు కూకునేవోడు గదా!" మొప్పలు పీకి పక్కన పడేసి, ముక్కలు తూచి, చిల్లర కోసం నడుముకున్న సంచీ తడుముకుంది.

అందుచేత సంబంధిత అధికారులకు నా విన్నపం ఇది. ఒమిక్రాన్ వచ్చింది, మళ్ళీ తలుపులు మూస్తారేమో. ఈ సీజనుకి వెరావల్ వెళ్ళిన కలాసీలు ఇప్పుడు అక్కడే ఉన్నారు. మూసే ముందు దయచేసి వాళ్ళందరినీ విదేశీ టూరిస్టులుగా ప్రకటించండి. ఒక్కొక్కరికీ ఒక గది, పూటపూటకీ అట్టపెట్టెలో అన్నం, ఇంటికెళ్ళేటప్పుడు ముక్కు పరీక్ష, అన్నీ పద్ధతిగా జరిపించండి. సముద్రం వైపు కిటికీ అక్కర్లేదు, వాళ్ళు చూసే ఉన్నారు. వీసాకి స్పాన్సర్ కావాలంటే నా పేరు రాసుకోండి. లక్ష డాలర్ల ఇన్సూరెన్సు దగ్గర మాత్రం కాస్త చూసీ చూడనట్టు వదిలేయాలి, మా దగ్గర అమ్ముకోవడానికి ఆవులు లేవు.