మహారాజశ్రీ --డిలీట్ గారికి

అయ్యా,

నమస్కారం. ఒక చోటి ఫైళ్లని మరో చోటికి కాపీ చేసే ప్రోగ్రాం ఆర్‌సింక్. దానికిచ్చే ఆదేశాల కుటుంబంలో మీ అంత విధేయులు మరొకరు లేరని ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరస్ 1996లో ఆ ప్రోగ్రాంని లోకానికి ఇచ్చినప్పుడు దాని గొప్పంతా పొదుపులో ఉంది. రెండు కంప్యూటర్లలో ఉన్న ఫైలుని ముక్కలుగా పోల్చి చూసి, మారిన ముక్కనే నెట్‌వర్క్ మీద పంపుతుంది. ఆ తెలివితేటలతో మీకు పని లేదు. ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదు, అంతే.

మీరు లేకపోతే గడవదనుకోండి. మిమ్మల్ని పిలవకుండా నడిపితే అవతల ఏదీ పోదు. మేం ఎప్పుడో తీసేసిన 'ఫైనల్', 'ఫైనల్2', 'లేటెస్ట్ ఫైనల్' అన్నీ బ్యాకప్‌లో కాపురం చేస్తూనే ఉంటాయి.

మీ జాగ్రత్త మాత్రం నాకు అంతుపట్టదు. పంపే వైపు ఒక్క ఫోల్డర్ చదవడం కుదరకపోతే మీకు ఎక్కడ లేని అనుమానం వస్తుంది. ఏదో తేడాగా ఉందని తుడిచే పని మొత్తం ఆపేస్తారు. శభాష్! అదే పంపే వైపు డిస్కు కేబుల్ ఊడి అసలు మౌంటే కాలేదనుకోండి, అంటే కంప్యూటర్‌కి జతే కాలేదనుకోండి, అక్కడ ఖాళీ ఫోల్డర్ ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. దాన్ని చదవడానికి మీకు ఏ ఇబ్బందీ ఉండదు. "ఓహో, యజమాని అన్నీ తీసేశాడు కాబోలు" అని అవతల ఉన్న బ్యాకప్‌ని శుభ్రంగా ఊడ్చేస్తారు. ఒక గది తలుపు బిగుసుకుపోతే కంగారుపడి, ఇల్లే మాయమైతే చీపురు పట్టుకొచ్చే పనిమనిషిని మిమ్మల్నే చూశాను. అందుకే మీ పక్కన --మ్యాక్స్-డిలీట్=50 అని ఒక కాపలా పెడుతున్నాం. యాభై దాటితే మిగతావాటిని ముట్టుకోకుండా 25 అనే ఎర్రర్ కోడ్‌తో బయటికి వస్తారు. ఏమీ అనుకోకండి.

ఇక వెబ్‌సైట్ సంగతి. కోడ్ లాప్‌టాప్‌లో ఉంటుంది. జనం పంపిన ఫొటోలు, పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు సర్వర్లోనే ఉంటాయి. మీ లెక్కలో అవి అక్రమ నివాసులు. వాటిని కాపాడాలని --ఎక్స్‌క్లూడ్ రాస్తే, పంపవద్దన్నవాటిని అవతల కూడా ముట్టుకోరు. మంచి మర్యాదే. కానీ మీ తమ్ముడు --డిలీట్-ఎక్స్‌క్లూడెడ్ రంగంలోకి దిగాడా, ఆ మర్యాద కాస్తా మంటగలుస్తుంది. మినహాయించిన పేర్లనే వెతికి మరీ తుడుస్తాడు. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, --ఫిల్టర్‌లో 'పీ' (ప్రొటెక్ట్, అంటే కాపాడు) అనే అక్షరం, దాని పక్కన ఫైలు పేరు రాస్తేగాని ఇద్దరూ వెనక్కి తగ్గరు. కాన్ఫిగ్ ఫైలు ప్రాణం ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉందన్నమాట. అప్పుడు కూడా, ఆ ఫైలున్న ఫోల్డర్‌ని మీరు తీసేయాలనుకుని ఉంటే, "ఖాళీగా లేదు, తీయలేకపోతున్నాను" అని గొణుగుతారు. గొణగండి, మాకు వినసొంపుగానే ఉంటుంది.

మీ తప్పేమీ లేదని మీ మాన్యువల్ ఎప్పుడో చెప్పేసింది: సరిగా వాడకపోతే ప్రమాదం, ముందు --డ్రై-రన్‌తో, అంటే నిజంగా ఏదీ తుడవని ఉత్తుత్తి నడకతో, ఏమేం పోతాయో చూసుకోండి అని. చూసుకుంటాం. వెయ్యి లైన్ల లిస్టులో మొదటి పది చూసి, బాగానే ఉందనుకుని, ఎంటర్ నొక్కుతాం.

ఇట్లు,
సర్వర్ చూసుకునేవాడు

తా.క.: పంపే ఫోల్డర్ పేరు 'ఫొటోస్' అని రాస్తే బ్యాకప్ లోపలున్న ఫొటోస్ ఫోల్డర్ వరకే మీ అధికారం. 'ఫొటోస్/' అని రాస్తే బ్యాకప్ అంతా మీదే, పక్కనున్న 'అకౌంట్స్' ఫోల్డర్‌తో సహా. చివరనున్న ఈ ఏటవాలు గీత విషయం కొత్తగా చేరిన కుర్రాడికి కాస్త ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?